పక్క కుర్చీలో మనిషి

లెక్కల మాస్టారు ఆసుపత్రికి వస్తూనే మూడు కుర్చీలు పట్టారు. ఒకటి తనకి, ఒకటి భార్యకి, ఒకటి సంచికి.

భార్య ఒళ్లో ఏడాది పాప. మండే ఎండలోనూ కుడిచేతికి ఊలు తొడుగు.

తొడుగు లోపల బొటనవేలు పుట్టుకతోనే సన్నటి చర్మం పోగుకి వేలాడుతోంది. ఆ సంగతి చుట్టాలకి తెలియకూడదు.

ఆ వేలు తీసేసి, చూపుడువేలిని తిప్పి బొటనవేలుగా అమరుస్తామని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళే సంతకం పెట్టమంది. ఆలస్యమైతే పిల్లకి ఆ చేత్తో పట్టుకోవడం సరిగ్గా రాదంది.

మాస్టారు ససేమిరా అన్నారు. ఆసుపత్రికొచ్చి ఐదు వేళ్ళని నాలుగు చేయించుకుపోతే, చూసిన ప్రతివాడూ లెక్కపెడతాడట. భార్య ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

ఇంతలో ఓ నడివయసు మనిషి వచ్చి, సంచి కింద పెట్టి కూర్చున్నాడు.

"అది మా కుర్చీ."

"సంచికేం జబ్బండీ?"

మాస్టారికి ఒళ్లు మండింది. అరగంటసేపు ఆ మనిషిని కొరకొరా చూస్తూనే ఉన్నారు. పేపరు తిప్పితే చప్పుడన్నారు. సీసా మూత తీసి నీళ్లు తాగితే చిందాయన్నారు. చొక్కా గుండీ పెట్టుకుంటే, నలుగురిలో ఇదేం పద్ధతన్నారు.

ఆ మనిషి వంగి పాప చేతి తొడుగు లాగేశాడు.

"గాలాడనివ్వండి. నేనొచ్చింది..."

"నువ్వెందుకొస్తే నాకేంటయ్యా? నీ పిల్లయితే తెలిసేది."

వాచ్‌మన్‌ని పిలిచి బయటికి పంపించేదాకా మాస్టారు ఊరుకోలేదు. ఆ మనిషి వెళ్తూ వెళ్తూ పాపకి చెయ్యి ఊపాడు. పాప నవ్వింది. మాస్టారు తొడుగు మళ్లీ తొడిగారు.

లోపల డాక్టరమ్మ కాగితం ముందుకు జరిపింది.

"ఇలాంటి చేత్తో బతికే పెద్దమనిషిని ఒక్కణ్ణి చూపించండి," అన్నారు మాస్టారు. "అప్పుడు పెడతాను సంతకం."

"మీరు అడుగుతారనే పిలిపించాను. ఇందాక మీ పక్కన కూర్చున్నాయనే. వెళ్లిపోతున్నానని ఇప్పుడే ఫోన్ చేశారు."

"ఆయనా? ఆయన చెయ్యి నిక్షేపంలా ఉందే."

డాక్టరమ్మ కలం మూత తీసి మాస్టారి చేతికిచ్చింది.

"ఈ ఆసుపత్రిలో మొట్టమొదట చూపుడువేలిని బొటనవేలు చేసింది ఆ చేతికేనండీ."