కంచె అవతలి ముద్ద

పదహారేళ్లొచ్చినా మేఘనకు అమ్మ చేతి ముద్దే కావాలి. చచ్చి లేచినవాళ్లకు భయపడి ఊళ్లన్నీ కంచెల్లో బతుకుతున్న కాలమది. వాళ్లలో ఒకడు తనను కరిచిన రోజున, కథలోని ఆవు పులిని వేడుకున్నట్టే అమ్మ, బిడ్డకు తినిపించి వెళ్లిపోతానని కావలి కొమురయ్యను వేడుకుని ఇంటికొచ్చింది. మేఘనకు తొక్కు కలిపిన ముద్దలు తినిపించి, "రేపు మళ్ల పెడతనే" అంది. ఆయనకిచ్చిన మాట ప్రకారం కంచె దాటి వెళ్లిపోయింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ.

మర్నాడు పొద్దుగూకే వేళ అమ్మ కంచె దగ్గరికొచ్చింది. మేఘన పరుగెత్తింది. ఆ కళ్లలో బిడ్డను ఎరిగిన గుర్తే లేదు. కానీ అమ్మ వంగి, మట్టిని ముద్ద చేసి, కంచె సందులోంచి చెయ్యి చాచింది.

"అది మీ అమ్మ గాదు బిడ్డా, ఎనకకు జరుగు!" కొమురయ్య కర్ర ఎత్తాడు.

మేఘన ఆ కర్ర పట్టుకుని ఆపింది. కళ్లు మూసుకుని, నోరు తెరిచింది.