డ్రైవింగ్ స్కూలు ఫోల్డర్

జూన్ రెండో తేదీ సాయంత్రం, బ్రెడ్డూ ఆమ్లెట్టూ తిన్నాక, కోడలు మామగారి కంప్యూటర్ ముందు కూర్చుంది. మెమరీ నిండి అది మొరాయిస్తోంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు ఏ సైట్‌వి ఆ ఫోల్డర్‌లోకి వాటంతటవే సర్దుకునేలా ఏర్పాటు చేసింది.

బ్యాంకు ఫోల్డర్‌లో రెండో మూడో పడ్డాయి. డ్రైవింగ్ స్కూలు ఫోల్డర్ మాత్రం నిండుతూనే ఉంది.

“మామయ్యా, మీకు సైకిలే రాదు కదా! కారు రివర్స్ చేసే పాఠం, అదీ ఒకటే వీడియో, ఇన్నిసార్లు దించారేంటి?”

“చూడాలనిపించినప్పుడల్లా దించుకోవాలి కదమ్మా!”

“ఒక్కసారి దించితే చాలు. వీటన్నిటినీ తీసి పారేస్తా.”

ఆయన మౌస్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఒక్కటైనా ఉంచమ్మా.”

అంత గొప్ప పాఠమేమిటా అని కోడలు ప్లే చేసింది.

“అద్దంలో చూడు బాబూ, నన్ను కాదు! వెనకాల ఏముందో నా మొహంలో కనిపిస్తుందా?” అని ఓ గొంతు గదమాయించింది.

కోడలికి నవ్వాగలేదు. “ఎవరు మామయ్యా, ఈ గడుసావిడ?”

“మీ అత్తయ్య. ఆ స్కూల్లో కారు నేర్పేది.”

ఈ అమ్మాయి కాపురానికి వచ్చేనాటికే ఆవిడ లేదు. కోడలు నవ్వు ఆపి, వీడియో మళ్లీ మొదటినుంచీ పెట్టింది.

అయిపోయాక ఫోల్డర్ పేరు చెరిపి ‘అత్తయ్య’ అని కొట్టింది.

“మరి చోటు?” అన్నాడాయన.

“బ్యాంకువి తీసేద్దాం లెండి.”

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లింది.