తెల్ల కవర్లు

డ్రోను తీసిన బొమ్మలో చెత్త ఉన్న చోటల్లా ఎర్రచుక్క పడుతుంది.

కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడి సర్వే చేస్తోంది కడప అమ్మాయి జెస్సీ. ఒడ్డు పొడుగునా చుక్కలే. ఏటి నడుమ మాత్రం ఒకచోట అవి గుండ్రంగా, వరసగా పడ్డాయి.

డ్రోనును కిందికి దించి చూసింది. మోకాటి లోతు నీళ్లలో కట్టెలు పాతి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక తెల్ల కవరు.

“నీళ్లు తగ్గినంక దోసతోట పెట్టేదానికి ఎవరో హద్దులు పాతుకుండారు మేడం,” అన్నాడు పారిశుద్ధ్య కార్మికుడు నెహెమ్యా.

“ఏరు వాళ్ల సొత్తా? అన్నీ పీకెయ్యన్నా.”

నెహెమ్యా దిగి మూడు కట్టెలు పీకాడు.

అంతలో ఒక ముసలాయన లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొస్తూ కేకేశాడు.

“పీకొద్దప్పా! అవి పీకితే పాణాలు పోతాయి!”

జెస్సీకి ఒళ్లు మండింది. ఎదురెళ్లి నిలబడింది.

“ఏం పెద్దాయనా, బెదిరిస్తాండావా?”

“కాదు తల్లీ... ముందు ఆయప్పను వెనక్కి పిలువు.” ఆయాసంతో ఆయనకు మాట పెగలడం లేదు.

“నీ ముఖం కెమెరాలో పడింది. పోలీసులకు పంపుతాండా.”

“పంపు తల్లీ. ముందు పిలువు!”

జెస్సీ పిలవలేదు. స్క్రీను వంక చూసింది. అవతలి కట్టెల కోసం నెహెమ్యా ఆ గుండ్రం నడుమకు అడుగేశాడు.

మరుక్షణం అక్కడ మనిషి లేడు. నీళ్లే ఉన్నాయి.

ముసలాయన ఆమెను పక్కకు నెట్టి ఏట్లోకి ఉరికాడు. మునిగాడు. తేలాడు. మళ్లీ మునిగాడు. ఈసారి నెహెమ్యా తల పైకొచ్చింది. కింద నుంచి రెండు చేతులు అతణ్ణి ఇసుక మీదికి తోశాయి.

ఆ చేతులు మళ్లీ కనపడలేదు.

చేపలు పట్టేవాళ్లు వచ్చి ఆయన్ను వెతికి తీసేసరికి గంటైంది. ఇసుక కోసం తవ్వి వదిలేసిన గుంత అది. రెండు నిలువుల లోతు.

ఒడ్డున బట్టలు ఉతుకుతున్న నాగక్క తన చీర తెచ్చి ఆయన మీద కప్పింది.

“వలి సాహెబు. ఊడిపోయిన కవర్లు వారానికోసారి వచ్చి మళ్లా కట్టిపోతాండె. పోయినేడు ఈ గుంతలోనే ఇద్దరు పిల్లోల్లు పోయినారమ్మా.”

“ఈయన పిల్లలా?” అడిగింది జెస్సీ.

“లేదమ్మా, వాళ్లెవరో ఈయప్పకు తెలీనే తెలీదు. ఈ గుంత తవ్విన మిషను తోలింది మాత్రం ఈయప్పే.”