ఏడో తాళం

"మనుషులు ఆరుగురే కదమ్మా, తాళాలు ఏడెందుకున్నాయి?" అన్నాడు పరీక్షాధికారి.

వరండా గోడమీద స్విచ్ పెట్టెకి తాళాలు గుత్తిగా వేలాడుతున్నాయి. సోలార్ పలకల పనికి డాబా ఎక్కేవాళ్ళు ముందు స్విచ్ ఆపి, తమ తాళం దానికి వేసి, దిగాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. ఒక్క తాళం మిగిలినా స్విచ్ పడదు; పైన ఒక మనిషి ఉన్నట్టే లెక్క.

"ముందు వీళ్ళని దిగనివ్వండి," అంది పని నేర్పే టీచరమ్మ.

ఆరుగురూ దిగి ఆరు తాళాలూ తీసుకున్నారు. ఏడోదానికి కట్టిన కార్డు మీద ఫొటో ఎండకి వెలిసిపోయింది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ.

"ఇదెవరిది?"

"పోయిన బ్యాచ్ అమ్మాయిది. ఇంకా దిగలేదు," అంది టీచరమ్మ.

ఆయన నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో మానేశాడు. నిచ్చెనెక్కి చూశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. పైన ఎవరూ లేరు. చివరి వరస పలకల వెనక మాత్రం, మందంగా పేరుకున్న దుమ్ములో ఒక మనిషి కూర్చునేంత మేర నున్నగా తుడిచినట్టుంది.

"అక్కడెవరు కూర్చుంటారు?" దిగొచ్చి మెల్లగా అడిగాడు.

"మేమెవరమూ అటు పోం సార్," అంది నేర్చుకోవడానికొచ్చిన మంత్రసాని. "ఆ పిల్ల అక్కణ్ణించే జారిపడి ప్రాణాలొదిలిందట. ఏ ఊరి పిల్లో, పాపం. అప్పుడప్పుడూ పైన అడుగుల చప్పుడవుతుంది. మేం తలెత్తి చూడం."

ఆయన నిచ్చెన దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతు పెంచాడు. "టీచరమ్మా, పైనుంచి కరెంటొచ్చి ఈ బల్బు వెలగాలి. లేకపోతే ఆరుగురూ ఫెయిలే."

"అంతమాటనకండి సార్," అంది మంత్రసాని. "మా ఊళ్ళో టార్చి నోట కరుచుకుని పురుళ్ళు పోస్తున్నా. పుట్టిన బిడ్డ నన్ను చూసి దెయ్యమనుకుని ఏడుస్తోంది!"

ఈసారి అందరూ నవ్వారు. టీచరమ్మ తప్ప.

"తాళం వేసిన మనిషి లేకపోతే, కాగితం రాసి తాళం కోయొచ్చు," అంటూ ఆయన సంచీలోంచి ఫారం తీశాడు. "కింద మీ సంతకం చాలు."

ఆమె కలం అందుకుంది.

"పైన సరిగ్గా చూశారా?"

"చూశానమ్మా."

"పలకల వెనక?"

"వెనక కూడా. ఎవరూ లేరు."

ఆమె తలూపి, రాసి, కాగితం మడిచి ఇచ్చింది. రంపం ఆడింది. తాళం తెగి నేలమీద పడింది. స్విచ్ వేయగానే బల్బు భగ్గున వెలిగింది. ఆరుగురూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ మాత్రం నిచ్చెన వైపే చూస్తూ నిలబడింది, ఎవరో దిగుతున్నట్టు.

ఆయన సంతకం సరిచూసుకుందామని కాగితం విప్పాడు.

'శిక్షకురాలు' అన్న అచ్చుమాట కొట్టేసి, 'అమ్మ' అని రాసి ఉంది.