పిలవకముందే వచ్చే దూత

…అయినా ఆ ప్రార్థనకు అంత త్వరగా జవాబు రాకూడదు, అనుకుంది సలోమి. సండే స్కూలు పిల్లల కోసం ఆమె రాస్తున్న సాహసకథలో రిబ్కా అనే పిల్ల వరద ముంచుతున్న గుహలో చిక్కుకుని ప్రార్థించాలి. ఈ కాలపు పుస్తకాలు, చదివే పిల్లల గుండెచప్పుడు విని వాటంతటవే మారిపోతాయి. కాస్త దడ పెరిగితే చాలు, భయం తీర్చడానికి కథలోకి దేవదూత దిగిపోతాడు. ఎన్నిసార్లు తిరగరాసినా అంతే. ఆ గుహలో ఇరుక్కున్నది తనేననిపిస్తోంది.

"మళ్లీ వచ్చేశాడత్తా దూత!" పక్కన ఆ కథే చదువుతున్న మేనకోడలు జెమీమా ఆవలించింది. "పిలవకముందే వస్తుంటే ఇంక ప్రార్థనెందుకంట?"

సలోమి ఉలిక్కిపడింది. దూత రాకపోతే పిల్ల నమ్మకం పోతుందేమోనని ఇన్నాళ్లూ తనకూ లోలోపల భయమే. తీరా చూస్తే, వచ్చినందుకే పోతోంది.

"చెయ్యి ఇలా తే."

"అమ్మో, పట్టీ తీస్తావా? భయమేస్తే?"

"వెయ్యనీవే."

పిల్ల గుండెచప్పుడును పుస్తకానికి చేరవేసే ఆ పట్టీని సలోమి విప్పేసింది.