పలక మీద రెండో అంకె

"ఇవాళ కూడా గాలి ఏడేనా, ఐగిల్ గారూ?"

సముద్రంలోకి చాచిన చెక్క వంతెన మీద అందరూ నవ్వారు.

ముసలి ఐగిల్ నవ్వలేదు. నల్లపలక మీద సుద్దముక్కతో రాశాడు: నీళ్ళు 5. పక్కనే, 7.

ఆ డెన్మార్క్ తీరంలో చలికాలంలో సరదాగా సముద్రస్నానాలు చేసేవాళ్ళ సంఘానికి పొద్దున్నే పలక రాసే పని ఆయనది. మొదటి అంకె, నీళ్ళు ఎన్ని డిగ్రీలో చెబుతుంది. రెండోది గాలి వేగమని సభ్యుల లెక్క. తుఫాను ఊపేస్తున్నా ఆయన ఏడే రాసేవాడు. అందుకే ఎవరూ నమ్మేవారు కాదు.

నవంబరు పొగమంచులోంచి సిసెల్ వచ్చింది. సంఘం నడిపే మేరెటకు చెల్లెలు.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, అమ్మాయ్?" మొదటి రోజే అడిగాడు ఐగిల్.

"ఆరు. ఎందుకూ?"

ఐగిల్ పలకవైపు తిరిగాడు. ఏడు చెరిపి ఆరు రాశాడు.

"హమ్మయ్య, గాలి తగ్గింది!" అన్నారు సభ్యులు.

రోజూ అదే ప్రశ్న. అయిదు. నాలుగు. మూడు.

సిసెల్ మాత్రం వెలిగిపోతోంది. మనసు అదుపు తప్పకుండా డాక్టరిచ్చిన లిథియం మాత్రలు మానేశానని ఐగిల్ చెవిలో చెప్పింది.

"అవి వేసుకుంటే లోకం మీద దుప్పటి కప్పినట్టుంటుంది. ఇప్పుడు చూడండి, ఒక్కో అలకీ ఒక్కో పేరుంది!"

"ఆ పేర్లు నాకూ తెలుసు" అన్నాడాయన మెల్లగా.

పలక మీద 2 పడిన రోజు, సిసెల్ నీళ్ళ మెట్ల దగ్గర నిలబడి అవతలి ఒడ్డుకేసి చెయ్యి చాచింది.

"స్వీడన్ పిలుస్తోంది. ఈదేసి వస్తాను."

ఐగిల్ మెట్లకు అడ్డంగా కూర్చున్నాడు.

"మేరెటా! చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇప్పుడే."

"గాలి రెండే కదండీ. కాసేపు ఈదనివ్వండి."

"గాలి సంగతి వదిలెయ్. దాని కళ్ళు చూడు."

మేరెట చూసింది. కారు తాళాలు తీసింది.

"చాడీలకోరు ముసలాడా!" కారు మలుపు తిరిగేదాకా సిసెల్ అరుస్తూనే ఉంది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. మళ్ళీ మాత్రలు, రక్తపరీక్షలు, రాత్రికి ఏడు గంటల నిద్ర. అలల పేర్లు పోయాయి. అలలు ఉన్నాయి. చాలు.

క్షమాపణ చెప్పుకోవడానికి వేడి వేడి దాల్చినచెక్క రొట్టె తెచ్చింది.

పలక ఖాళీగా ఉంది.

"మార్చిలో పోయాడే" అంది మేరెట. "గుండె ఆగింది. నిద్రలోనే. ఆయన అల్మరాలో ఇవి ఉన్నాయి, పైన నీ పేరు రాసి."

ముప్ఫై ఒక్క నోటుపుస్తకాలు. ఏడాదికొకటి. రోజుకి రెండే అంకెలు. దాదాపు అన్నీ ఏడులే. ఎక్కడో ఒక చోట నాలుగు పడితే, పక్కన ఎర్ర సిరాతో 'డాక్టరు' అని.

"గాలి లెక్కలు ఇన్నేళ్ళు దాచుకున్నాడు, పిచ్చి ముసలాయన!" అంది మేరెట.

సిసెల్ చేతిలో రొట్టె చల్లారిపోతోంది. అన్నిటికన్నా పాత పుస్తకం తెరిచింది.

మొదటి పేజీలో మొదటి వరుస: "ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను, లిథియం మొదలు, నీళ్ళు 4, నిద్ర 7."