తన ఊళ్లు తానే తగలబెట్టుకున్న రాణెమ్మ

ఇలా దగ్గరికి జరగండి. ఆ టీవీ గోల కాస్త తగ్గించి, చెవి ఇటు పడేయండి. మా ఇంట్లో, పట్టపగలు, నా పక్కనే జరిగిన యుద్ధం ఇది.

యుద్ధమంటే కంప్యూటర్లో ఆట. ఊళ్లు కట్టాలి, సైన్యం పెంచాలి, ఎదుటివాడి రాజును చంపాలి. నువ్వో ఎత్తు, నేనో ఎత్తు అని ఆగే చదరంగం కాదు. ఇద్దరూ ఒకేసారి కలబడాలి. క్షణం ఏమరితే తల ఎగిరిపోతుంది. ఆ ఆటలో మా మనవరాలిని గెలిచినవాడు లేడు. ఆడేవాళ్లంతా దానికి రాణెమ్మ అని పేరు పెట్టారు. బయట దానికి పెద్దగా స్నేహాలు లేవు. ఉన్న రాజ్యమంతా ఆ ఆటే.

అలాంటిది, ఆ ఆటకు రెండో భాగం తయారైంది. నెలాఖరుకు పాతది మూసేస్తారట. బాగా ఆడేవాళ్లకు కొత్తది ముందుగా పంపి, మంచీ చెడూ చెప్పమన్నారు. మా పిల్ల దాన్ని ఆడి చూసి అన్నం మానేసింది.

"ఇది ఇలాగే వస్తే నా పని అయిపోయినట్టే నాయనమ్మా," అంది.

ఫిర్యాదు పంపింది. దాంతో ఆ ఆట తయారుచేసిన పెద్దాయనే స్వయంగా ఆడడానికి దిగాడు. అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. ఆయన ఎక్కడో తన ఆఫీసులో, మా పిల్ల ఇక్కడ. బల్ల మీద కీబోర్డు, అటొకటి ఇటొకటి స్పీకర్లు, మధ్యలో మంచినీళ్ల సీసా.

"ఏంటి రాణెమ్మగారూ, అందరూ ఆహా ఓహో అంటుంటే మీరొక్కరే మొహం చిట్లించారట?" స్పీకర్లోంచి మేస్త్రి గొంతు.

"మంట బాగుంది మేస్త్రిగారూ. గాలి ఎటు వీస్తే అటే పాకుతోంది. వాన బాగుంది. నదులు దాటడం ఇంకా బాగుంది. ఆ డప్పులూ బూరలే ప్రాణం తీస్తున్నాయి. వాటిని ఆపే మీట పెట్టండి."

"అంతమందిని కూర్చోబెట్టి వాయించిన సంగీతమండీ అది! గడ్డి మీద రక్తం బొట్టు ఎలా జారుతోందో చూడండి, డప్పుల సంగతే మర్చిపోతారు."

"రక్తం మీరే చూసుకోండి. నాకు మీట కావాలి."

"నన్ను గెలవండి, పెట్టిస్తా. ఓడితే మాత్రం ఆట ఇలాగే బజారుకెళ్తుంది."

డప్పులు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ మోతలోనే మా పిల్ల విలుకాళ్లను ఉసిగొల్పింది. బాణాలు రివ్వుమన్నాయి. గుర్రాలు సకిలిస్తూ కూలాయి. మనుషులు గొంతు తెగిన మేకల్లా అరిచారు. చచ్చింది దాని సొంత రౌతులే.

మేస్త్రి పగలబడి నవ్వాడు. "మీ ఎర్రజెండా అంత ఎత్తున ఎగురుతుంటే మీవాళ్లనే చంపుకుంటారా? రాణెమ్మంటే ఇంతేనా!"

ఆ ఊపులోనే ఆయన మా పిల్ల కట్టిన ఊరికి నిప్పు పెట్టాడు. ధాన్యపు కొట్లు ఢామ్మని పేలాయి. పిల్లాజెల్లా ఏడుపులు లేచాయి. అంతలో డప్పులు టక్కున ఆగిపోయాయి.

"ఇదేంటి?" అంది మా పిల్ల.

"ఊరు కాలుతున్నంతసేపూ వాయిద్యాలుండవు. గుండె కలుక్కుమనాలని అలా పెట్టాం. ఎలా ఉంది?"

అది తల పక్కకు వంచి అలాగే ఉండిపోయింది. ఈలోపు దాని రాజు తల తెగిపడింది.

"ఇంకొక్క ఆట మేస్త్రిగారూ. ఇదే ఆఖరు."

"ఓడినవాళ్లంతా అదే మాట. సరే, కానివ్వండి."

ఈసారి ఊళ్లు కట్టింది. జనాన్ని నింపింది. కొట్లలో గింజలు పోసింది. డప్పులు మోగగానే, మొదటి ఊరికి తనే నిప్పు పెట్టింది.

"ఓసి నీ దుంపతెగ, అది నీ జనమే కదే!" అన్నాను.

"నువ్వుండు నాయనమ్మా."

"మతి పోయిందా రాణెమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

దూలాలు విరిగిపడ్డాయి. లోపలున్నవాళ్లు కేకలు పెట్టీ పెట్టీ ఆగిపోయారు. డప్పులూ ఆగాయి.

ఇక చూస్కోండి. ఎడమవైపు డెక్కల చప్పుడు లేచీ లేవగానే బల్లేలు ఎదురెళ్లాయి. గుర్రాల పొట్టలు పర్రున చీలాయి. వెనక వింటినారి కిర్రుమంది. బాణం వదిలేలోపే ఆ విలుకాళ్ల గొంతులు తెగాయి. కత్తి ఎముకను గీరిన చప్పుడుకు నేను రెండు చెవులూ మూసుకున్నాను. మొదటి ఊరు బూడిదయ్యాక డప్పులు మళ్లీ అందుకున్నాయి. వెంటనే ఇంకో ఊరు తగలబెట్టింది. అదయ్యాక ఇంకోటి. మిగిలింది ఒకే ఊరు. దానికీ నిప్పు పెట్టింది.

ఆ మంట ఆరేలోపు గెలవాలి. తర్వాత తినడానికి గింజ లేదు, దాక్కోవడానికి గోడ లేదు. మేస్త్రి రాజు జాడ లేదు. మా పిల్ల వేళ్లు కదపకుండా ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ఉన్నట్టుండి సైన్యాన్నంతా నది మలుపుకు ఉరికించింది. నీళ్లలో పెనుగులాట. గొడ్డలి దెబ్బ మీద దెబ్బ. ఒక గొంతు గుటగుటమని మునిగిపోయింది.

అది మేస్త్రి రాజుదే, ఆట మా పిల్ల గెలిచింది.

"పొగమంచు కమ్మించి, రెల్లుపొదల్లో దాచానమ్మా మా రాజును. పక్కన నిలబడ్డా కనబడడు. ఎలా పట్టారు?"

"మీ రాజుగారి గుర్రం తుమ్మింది."

"ఆ తుమ్ము నేనే సరదాకి పెట్టాను. ఇంతవరకూ ఒక్కరూ దాని ఊసెత్తలేదు." ఆయన గొంతు మెత్తబడింది. "మాట మాటే, మీట పెట్టిస్తా. కానీ డప్పులు ఆపడానికి ఊళ్లన్నీ కాల్చుకుంటారా ఎవరైనా?"

మా పిల్ల నవ్వి, చెయ్యి చాచి సీసా అందుకుని గడగడా తాగింది.

ఈ కథ గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి, కానీ ఆ బల్ల మీద తెర ఉండాల్సిన చోట నీళ్ల సీసా ఎందుకుందో, మా రాణెమ్మ పుట్టింది మొదలు ఈ లోకాన్ని కళ్లతో చూసెరగదన్న సంగతీ, నాలాగే మీరూ చివరిదాకా బయటపెట్టకండి.